తక్కువ ఖర్చుతో ఇంట్లో సంగీతపు గది: శబ్దం బయటికి పోకుండా ఎలా చేయాలి

తిరుపతిలో సంగీతం నేర్చుకునే పిల్లలు, ఇంట్లోనే పాఠాలు చెప్పే గురువులు, భజన బృందాలకు ట్రాకులు చేసి ఇచ్చే యువకులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒక్కటే: గోడలకు ఫోమ్ గాని, కోడిగుడ్ల అట్టలు గాని అతికిస్తే పాట పక్కింటికి వినపడకుండా ఉంటుందా? ఉండదు. ఈ సమాధానం వినగానే చాలామంది నిరుత్సాహపడి, లక్షలు పోస్తే తప్ప పని జరగదని అనుకుంటారు. అదీ నిజం కాదు. ఇటుక గోడలున్న మామూలు ఇంట్లో, ఉన్న కాస్త డబ్బును సరైన వరుసలో ఖర్చుపెడితే, రాత్రి భోజనాల వేళ శ్రుతిపెట్టె పెట్టుకుని పాడినా ఇరుగుపొరుగుతో మాట రాని గదిని తయారుచేసుకోవచ్చు. ముందు సందులు, తర్వాత తలుపు, తర్వాత కిటికీ, ఆపైన నేల, గాలి, గది లోపలి మోత, అన్నిటికన్నా చివర గోడ. ఇదే ఆ వరుస. ఎక్కువమంది గోడతోనే మొదలుపెడతారు, డబ్బు అక్కడే అయిపోతుంది.

మొదలుపెట్టే ముందు తేల్చుకోవలసినవి

శబ్దాన్ని ఆపడం వేరు, గదిలో మోతను తగ్గించడం వేరు. ఆపడానికి బరువు కావాలి, గాలి చొరబడని బిగువు కావాలి. మోత తగ్గడానికి మందంగా, మెత్తగా, గాలి ఆడే పదార్థం కావాలి. ఫోమ్, కర్టెన్లు, బొంతలు రెండో పనికే పనికివస్తాయి. కోడిగుడ్ల అట్టలు రెండు పనుల్లో ఏదీ సరిగా చేయవు, పైగా నిప్పురవ్వ పడితే గోడంతా అంటుకుంటుంది. కాబట్టి మీ ఇబ్బంది ఏదో మొదట ఒక కాగితం మీద రాసుకోండి: మీ పాట బయటికి పోతోందా, బయటి హారన్లు మీ రికార్డింగులో పడుతున్నాయా, లేక రికార్డింగు ఖాళీ హాల్లో పాడినట్టు గింగురుమంటోందా? మొదటి రెండింటికీ మందు ఒకటే. మూడోది ఒక్కటే మీ సమస్య అయితే, తిన్నగా ఏడో మెట్టుకు వెళ్లండి. మిగతా ఖర్చు మీకు అక్కరలేదు.

ఎంత తగ్గించాలో కూడా ఒక లెక్క ఉండాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్ (శబ్ద తీవ్రతను కొలిచే ప్రమాణం), రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు 45 డెసిబెల్ పరిమితి. మీ సొంత వాయిద్యం నుంచి వచ్చే శబ్దం మీ ఇంటి హద్దు దగ్గర ఈ పరిమితిని 5 డెసిబెల్‌కు మించి దాటకూడదని కూడా అందులో ఉంది. గదిలో మీ పాట 85 డెసిబెల్ ఉందనుకుంటే, రాత్రిపూట 40 డెసిబెల్ తగ్గించి 45కు తేవాలన్నమాట. గాత్రం, వీణ, వయొలిన్, కీబోర్డు, మెల్లగా వాయించే మృదంగం వరకు తక్కువ ఖర్చులో ఇది సాధ్యమే. నాదస్వరం, డోలు, డ్రమ్ సెట్ వాయించేవారికి మాత్రం ఈ వ్యాసంలోని పద్ధతులు పగటి సాధనకు ఊరటనిస్తాయే తప్ప, రాత్రి సాధనకు చాలవు. ఆ మాట ముందే చెప్పడం నా బాధ్యత.

కావలసినవి

అందరికీ కావలసినవి: తలుపులకు అతికించే రబ్బరు పట్టీలు (ఒకవైపు జిగురు ఉన్నవి, రెండు మూడు మందాల్లో), తలుపు అడుగున బిగించే రబ్బరు అంచు, సిలికాన్ లేదా అక్రిలిక్ సీలెంట్ ట్యూబులు, వాటిని నొక్కే గన్, పెద్ద రంధ్రాలకు సిమెంటు లేదా పుట్టీ, టేపు, టార్చిలైటు, ఒక అగరబత్తీల కట్ట. ఇంతవరకు రెండు మూడు వేల రూపాయల్లో సాధారణంగా సరిపోతుంది.

తర్వాతి మెట్లకు: 18 ఎంఎం ప్లైవుడ్, పశువుల పాకల్లో పరిచే మందపాటి రబ్బరు చాపలు, 50 ఎంఎం మందమున్న రాక్ వూల్, అంటే రాతి పోగులతో చేసిన పలకలు (ఘనమీటరుకు 48 లేదా 64 కిలోల సాంద్రత ఉన్నవి), టేకు కాని చవక చెక్క బద్దలు, నూలు గుడ్డ. రాక్ వూల్, గాజు పోగులతో చేసే గ్లాస్ వూల్ తాకేటప్పుడు చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి; వాటి పోగులు ఒంటికి తగిలితే గంటల తరబడి దురద పెడతాయి.

1. గదిని ఎంచుకోండి

మంచి గదిని ఎంచుకుంటే సగం ఖర్చు తగ్గుతుంది. వీధికి దూరంగా, వీలైతే కింది అంతస్తులో, ఒకే కిటికీ ఉన్న గదిని చూడండి. పక్కింటివారితో ఉమ్మడి గోడ ఉన్న గదిని వదిలేయండి. గోడను వేలి కణుపుతో తట్టి చూస్తే తొమ్మిది అంగుళాల గోడకూ నాలుగున్నర అంగుళాల గోడకూ తేడా కొంత తెలుస్తుంది. కచ్చితంగా తెలియాలంటే ద్వారబంధం దగ్గర గోడ మందం కొలవండి. రెండు వైపులా పూత ఉన్న తొమ్మిది అంగుళాల ఇటుక గోడ గాత్ర సంగీతానికి చాలు, దాని జోలికి వెళ్లనవసరం లేదు.

డాబా మీద రేకుల గది విడిగా ఉంది కదా అని అక్కడ మొదలుపెట్టకండి. రేకు పలుచన కాబట్టి పాటను ఆపలేదు, వాన చినుకుల హోరు మైకులో పడుతుంది, మే నెలలో మధ్యాహ్నం ఆ గదిలో మనిషి కూర్చోలేడు.

నాలుగు వైపులా, ఎత్తులో కూడా సరిగ్గా పది అడుగులే ఉన్న గది కన్నా పొడవు, వెడల్పు, ఎత్తు వేరువేరుగా ఉన్న గది మేలు. పది అడుగుల దూరంలో ఎదురెదురుగా ఉన్న గోడల మధ్య సుమారు 56 హెర్ట్జ్ (సెకనుకు 56 కంపనలు) దగ్గర శబ్దం ఊరికే ఉబ్బుతుంది. మూడు కొలతలూ ఒకటే అయితే ఆ ఉబ్బు మూడింతలై కూర్చుంటుంది. తంబూర ట్రాకులో, మృదంగం ఎడమ మూత గుమికిలో మీకు వినిపించే బొయ్యిమనే హోరుకు కారణం చాలాసార్లు ఇదే.

2. ఇప్పుడున్న స్థితిని కొలిచి రాసుకోండి

ఈ మెట్టును ఎగవేసేవారే ఎక్కువ. ముందు కొలత లేకపోతే, చేసిన ఖర్చు ఫలించిందో లేదో తర్వాత తెలియదు. గదిలో ఒక స్పీకరు పెట్టి పింక్ నాయిస్ అనే ఒకే తీరు హోరు శబ్దాన్ని మోగించండి; దాని ఆడియో ఫోన్లో ఉచితంగా దొరుకుతుంది. స్పీకరు స్థానం, వాల్యూమ్ అంకె రాసుకోండి. ఇంకొక ఫోన్లో డెసిబెల్ చూపించే యాప్ తెరిచి గది మధ్యలో ఒకసారి, మూసిన తలుపు బయట ఒక మీటరు దూరంలో ఒకసారి, కిటికీ బయట ఒకసారి, వీలైతే పక్కింటివారి అనుమతితో వారి గోడ దగ్గర ఒకసారి కొలవండి. ఫోను చూపించే అంకె కచ్చితం కాకపోవచ్చు, కాని ఒకే ఫోనుతో ఒకే చోట కొలిస్తే ముందూ వెనుకా తేడా నమ్మదగినదే. బస్సుల రద్దీ ఉన్న వీధి అయితే రాత్రి పదకొండు దాటాక, స్పీకరు కట్టేసి బయటి నిశ్శబ్దం కూడా ఎంతో కొలిచి, తర్వాత రెండు మూడు నిమిషాలే మోగించి చూసుకోండి. బయట వచ్చిన కొలతకూ ఆ నిశ్శబ్దానికీ కనీసం పది డెసిబెల్ తేడా లేకపోతే ఆ కొలత పనికిరాదు.

3. సందులన్నీ మూయండి

కుండ ఎంత మందంగా ఉన్నా చిల్లి ఉంటే నీరు నిలవదు. శబ్దం సంగతీ అంతే. ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు ఉన్న తలుపును తీసుకోండి. అడుగున అర అంగుళం, మిగతా మూడు వైపులా ఎనిమిదో వంతు అంగుళం సందు ఉంటే మొత్తం ఖాళీ నలభై మూడున్నర చదరపు అంగుళాలు, అంటే తలుపు విస్తీర్ణంలో దాదాపు ఒకటిన్నర శాతం. ఒక శాతం ఖాళీ ఉంటేనే ఏ అడ్డమైనా 20 డెసిబెల్‌కు మించి ఆపలేదు. కాబట్టి ఆ సందులు మూయకుండా మీరు తలుపుకు ఎంత బరువు ఎక్కించినా 18 డెసిబెల్ దగ్గరే ఆగిపోతారు.

గదిలో పెద్ద లైటు వేసి, బయట చీకటి చేసి, తలుపు మూసి చూడండి. వెలుగు గీత కనిపించిన ప్రతిచోటా శబ్దం పోతోంది. తర్వాత గదిలో ఫ్యాను ఆపి, పక్క గదిలో లేదా బాత్రూములో ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, వెలిగించిన అగరబత్తిని తలుపు అంచుల వెంబడి, బందుల వైపు కూడా, నెమ్మదిగా జరపండి. నిటారుగా లేచే పొగ ఒకచోట ఒక్కసారిగా వంగి సందులోకి లాక్కుపోతుంది. అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టండి. బందుల వైపు ఈ పొగ వంగడం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు, ఎందుకంటే అక్కడ సందు కంటికి కనిపించదు.

వెతకవలసిన ఇతర చోట్లు ఇవి: ద్వారబంధానికీ గోడకూ మధ్య పూత రాలిన చీలిక, ఏసీ పైపు కోసం తొలిచిన రంధ్రం, కేబుల్ వైర్ల రంధ్రాలు, గోడకు అటూ ఇటూ ఒకేచోట ఎదురెదురుగా బిగించిన స్విచ్ బోర్డులు. వేలు పట్టే రంధ్రాలను సిమెంటుతోనో పుట్టీతోనో పూడ్చి పైన సీలెంట్ వేయండి, సన్నని చీలికలకు సీలెంట్ ఒక్కటే చాలు. స్విచ్ బోర్డు పెట్టెల పని మాత్రం మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్ చేత చేయించండి. లోపల ఫోమ్ గాని, దూది గాని కుక్కకండి.

ఒక హెచ్చరిక: గోడకు చెమ్మ ఉంటే ముందు దాని మూలాన్ని సరిచేయండి. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే వానల్లో ఉరిసే గోడను ప్యానెళ్లతో కప్పేస్తే లోపల బూజు పట్టి, చెక్కకు చెదలు పడతాయి.

4. తలుపు

పాత ఇళ్ల తలుపుకు గడప ఉంటుంది. తలుపు నాలుగు వైపులా చెక్కకు ఆనుకుని మూసుకుంటుంది కాబట్టి రబ్బరు పట్టీ అతికిస్తే పని సగం అయిపోయినట్టే. కొత్త అపార్ట్‌మెంట్లలో లోపలి గదులకు గడప పెట్టడం లేదు, అడుగున అర అంగుళం సందు వదిలేస్తున్నారు. మీ గది అలాంటిదైతే, వడ్రంగితో అంగుళం ఎత్తు చెక్క గడప ఒకటి చేయించి, సీలెంట్ పరిచి దాని మీద బిగించండి, తలుపు దానికి ఆని మూసుకునేలా చూడండి. అద్దె ఇల్లయితే తలుపు అడుగున జారించే రెండు గొట్టాల గుడ్డ తొడుగు వాడవచ్చు, కాని అది గడపకు సమానం కాదు.

రబ్బరు పట్టీని ద్వారబంధపు మెట్టు మీద, తలుపు వచ్చి ఆనేచోట అతికించండి. ముందు పాత పెయింటు పొరలు, జిడ్డు గోకి తుడవాలి, లేకపోతే ఎండాకాలంలో జిగురు కరిగి పట్టీ ఊడుతుంది. మరీ మందపాటి పట్టీ తెచ్చి అతికించడం అందరూ చేసే తప్పు. తలుపు పైమూల మూసుకోదు, గడియ పడదు, చివరికి పట్టీ పీకేస్తారు. సందు కన్నా రెండు మూడు ఎంఎం మాత్రమే మందంగా ఉన్న పట్టీ తీసుకోండి.

ఎలా పరీక్షించాలి? పాత కాగితం చీలికను తలుపుకూ పట్టీకీ మధ్య పెట్టి తలుపు మూసి లాగండి. గట్టిగా పట్టి, చిరిగేటట్టు వస్తే సరిగా ఉంది. జారిపోతే అక్కడ పట్టీ ఆనడం లేదు. ఇలా ప్రతి అడుగుకొకసారి చుట్టూ చూసుకోండి, ముఖ్యంగా పై మూలల్లో.

సందులు మూశాక తలుపు బరువు చూడండి. లోపల బోలుగా ఉన్న తలుపును తడితే డప్పులా మోగుతుంది. గది వైపు ముఖానికి 12 లేదా 18 ఎంఎం ప్లైవుడ్‌ను అంతటా జిగురు పూసి, మరలతో బిగిస్తే మంచి మార్పు వస్తుంది. బరువు పెరుగుతుంది కాబట్టి ఒక బందు అదనంగా వేయించండి. దీనికి కూడా ఒప్పుకోని అద్దె ఇంట్లో గుమ్మానికి లోపలి వైపు రెండు మూడు బొంతలు కలిపి కుట్టి నేలదాకా వేలాడదీయవచ్చు. తలుపు కటకటను, కీచును అది కొంత మెత్తబరుస్తుంది. అంతకు మించి దాని నుంచి ఆశించవద్దు.

లోపల తాళం గాని, బిగువైన గడియ గాని పెట్టకండి. అత్యవసరంలో చిన్నపిల్లలు కూడా ఒక్క తోపుతో తెరుచుకుని బయటికి రాగలగాలి.

5. కిటికీ, వెంటిలేటరు

జారే రెక్కల కిటికీలు శబ్దానికి తెరిచిన దారులే. రెక్కలు ఒకదాని మీద ఒకటి జారాలంటే మధ్య ఖాళీ ఉండి తీరాలి. వాటిని మార్చడం ఖర్చుతో కూడిన పని కాబట్టి, సాధన వేళ పెట్టి తర్వాత తీసేసే మూత ఒకటి చేయించుకోండి. తొమ్మిది అంగుళాల గోడలో కిటికీ గూడు లోతుగా ఉంటుంది. గూడు లోపలి అంచుకు సరిపడేలా 18 ఎంఎం ప్లైవుడ్ పలకను, చుట్టూ ఐదు ఎంఎం తక్కువగా కోయించి, అంచులకు రబ్బరు పట్టీ అతికించి, రెండు పిడులు బిగించండి. పలకకూ అద్దానికీ మధ్య ఎంత ఎడం ఉంటే అంత మంచిది. మూడు నాలుగు అంగుళాలు దొరికితే చాలా లాభం. పలక వెనుక ముఖానికి రాక్ వూల్ ఒక పొర, దాని పోగులు రాలకుండా పైన గుడ్డ వేయండి.

నాలుగడుగుల చదరపు కిటికీకి ఆ పలక ఒక్కటే పదిహేను నుంచి పద్దెనిమిది కిలోలు ఉంటుంది. ఒక్కరే ఎత్తలేని కిటికీకి రెండు ముక్కలుగా చేయించి, కలిసేచోట ఒకదాని మీద ఒకటి అంగుళం పడేలా బద్ద కొట్టించండి. పలక నోరు విప్పకుండా గూడుకు రెండు తిరిగే చెక్క గడియలు పెట్టండి. థర్మాకోల్ షీటుతో ఈ మూత చేసేవారిని చూస్తుంటాను. థర్మాకోల్‌కు బరువు లేదు, దాన్ని పెట్టినా తీసినా ఒకటే, అంటుకుంటే గదిని నల్లటి పొగతో నింపుతుంది.

పాత ఇళ్లలో కిటికీ పైనా, తలుపు పైనా సిమెంటు జాలీ వెంటిలేటరు ఉంటుంది. కింద అంతా మూసి దాన్ని మరిచిపోతే పడిన శ్రమంతా వృథా. అదే తరహా పలకతో దాన్నీ మూయండి, కాని గాలి సంగతి చూసే ఆరో మెట్టు చదివిన తర్వాతే.

6. నేల, గాలి

మృదంగం, ఘటం, తబలా, కంజీర వాయించేవారూ, కాలితో తాళం వేసేవారూ మేడ మీద ఉంటే కింది వాటాలో వినపడేది గాలిలోంచి వచ్చే శబ్దం కాదు, స్లాబులోకి దిగిన అదురు. తివాచీ దాన్ని ఆపదు. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో పాడి ఎక్కువ కాబట్టి పశువులకు వేసే రబ్బరు చాపలు సులువుగా దొరుకుతాయి. ఆరున్నర అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అంగుళంలో మూడింట రెండు వంతుల మందంలో వస్తాయి. అవి వ్యాయామశాలల పేరుతో అమ్మే చాపల కన్నా చవక, పనితనంలో ఏమీ తీసిపోవు. కొత్త చాపకు రబ్బరు వాసన ఉంటుంది, వారం రోజులు డాబా మీద నీడలో ఆరవేయండి.

నేల మీద ఒక చాప, దాని మీద 18 ఎంఎం ప్లైవుడ్ పలక, ఆ పైన ఇంకొక చాప ముక్క, మళ్లీ పలక, అన్నిటి మీద జంపఖానా: కళాకారుడు, వాయిద్యం రెండూ ఆ వేదిక మీదే ఉండాలి. ఈ వేదిక గోడకు ఎక్కడా తగలకూడదు, కనీసం అంగుళం ఎడం ఉంచండి. పలకలను మరలతో నేలకు బిగిస్తే అదురు ఆ మరల గుండా దిగుతుంది, చేసిందంతా నిష్ఫలమవుతుంది. స్పీకర్ల కింద కూడా చిన్న రబ్బరు ముక్కలు వేయండి.

ఇక గాలి. స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే చల్లబరుస్తుంది, బయటి తాజా గాలి తీసుకురాదు. అన్ని సందులూ మూసిన పది బై పన్నెండు అడుగుల గదిలో ఇద్దరు ముగ్గురు కూర్చుంటే గంట తిరిగేసరికి తల బరువెక్కుతుంది, గాయకులకు ఊపిరి ఆడక స్వరం నిలవదు. గంటకొకసారి తలుపు, కిటికీ తెరిచి పది నిమిషాలు ఆగడం చవకైన మార్గం. గురువులు పాఠానికీ పాఠానికీ మధ్య దీన్ని నియమంగా పెట్టుకోవచ్చు.

అంతసేపు ఆగలేనివారు వంకర దారి పెట్టెలు రెండు చేయించుకోండి. అడుగు వెడల్పు, అడుగు ఎత్తు, నాలుగడుగుల పొడవున్న ప్లైవుడ్ పెట్టెలో అటొకటి ఇటొకటిగా అడ్డు పలకలు పెట్టి, గాలి పాములా మెలికలు తిరిగి పోయేలా చేసి, లోపలి ముఖాలకు అంగుళం మందం రాక్ వూల్, పైన పలుచని గుడ్డ అతికిస్తారు. మెలికల మధ్య దారి ఎక్కడా ఐదు అంగుళాలకు తగ్గకూడదు. ఒక పెట్టె కింది వైపు గాలి లోపలికి రావడానికి, ఇంకొకటి పైన వెంటిలేటరు దగ్గర బయటికి పోవడానికి. ఫ్యానును పై పెట్టెకు బయటి చివర, నెమ్మదిగా తిరిగేలా బిగించండి. పరీక్ష కోసం లోపలికి వచ్చే పెట్టె నోటి దగ్గర సన్నని కాగితం ముక్క పట్టుకోండి. అది గది లోపలికి వాలితే గాలి ఆడుతున్నట్టు.

7. గది లోపలి మోత తగ్గించండి

ఇంతవరకు చేసినది శబ్దాన్ని ఆపడానికి. సందులు మూసిన గది లోపల మోత మునుపటి కన్నా ఎక్కువగా అనిపిస్తే కంగారు పడకండి, అది సహజం.

నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నాలుగంగుళాల లోతు ఉన్న చెక్క చట్రాలు చేయించి, ఒక్కో దానిలో 50 ఎంఎం రాక్ వూల్ పలకలు రెండు వేసి, నూలు గుడ్డతో కప్పండి. గుడ్డ ఎంపిక ముఖ్యం: నోటి దగ్గర పెట్టుకుని ఊదితే గాలి అవతలికి సులువుగా పోవాలి. పాత నూలు చీర, ఖాదీ చక్కగా పనికివస్తాయి. రెక్సిన్ వేస్తే అందంగా ఉంటుంది కాని గాలి దూరదు, పై స్థాయి స్వరాలు దానికి కొట్టుకుని వెనక్కి వస్తాయి.

ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికి అద్దం చాలు. మీరు మైకు దగ్గర లేదా స్పీకర్ల ముందు కూర్చోండి, ఇంకొకరు చిన్న అద్దాన్ని మీ చెవి ఎత్తులో పక్క గోడ వెంబడి జరపాలి. స్పీకరు మీకు అద్దంలో కనిపించినచోట మొదటి ప్యానెల్. రెండో పక్క గోడకు, తల పైన కప్పుకు కూడా ఇలాగే. గాయకులైతే ఒకటి మీ వీపు వెనుక తప్పక ఉండాలి, ఎందుకంటే మైకు మీ వైపే చూస్తుంది కాబట్టి మీ వెనుక గోడ నుంచి వచ్చే శబ్దమే దానిలో ఎక్కువగా పడుతుంది. మిగిలినవి గోడల మూలల్లో నిలువుగా పెట్టండి. ప్యానెల్‌కూ గోడకూ మధ్య రెండంగుళాలు ఎడం వదిలితే అదే ఖర్చుకు ఇంకా కింది స్థాయి స్వరాలు కూడా అదుపులోకి వస్తాయి. పది బై పన్నెండు గదికి ఆరు నుంచి ఎనిమిది ప్యానెళ్లు చాలు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి గట్టిగా చెబుతాను. గోడల్లో మూడో వంతుకు మించి కప్పవద్దు. పూర్తిగా మోత చచ్చిన గదిలో కర్ణాటక గాత్రం పాడేవారికి తమ గొంతు తమకు తిరిగి వినపడదు. తెలియకుండానే బలం పెట్టి పాడతారు, శ్రుతి జారుతుంది, అరగంటకే గొంతు అలసిపోతుంది. పిల్లల గదిని ఎప్పుడూ అలా చేయకండి. నాలుగు ప్యానెళ్లు పెట్టి, ఒక కీర్తన రికార్డు చేసి విని, తర్వాతే ఐదోది పెట్టండి.

రాక్ వూల్‌కు డబ్బు లేకపోతే మడతపెట్టిన బొంతలను కర్ర దండేల మీద గోడకు జానెడు ఎడంగా వేలాడదీయండి. నిండుగా పుస్తకాలున్న అర, బట్టల బీరువా తలుపులు తెరిచి పెట్టడం కూడా ఉపకరిస్తాయి. బట్ట, దూది ఉన్న గదిలో దీపం, కర్పూరం, దోమల చుట్ట వెలిగించకండి.

8. గోడ, చిట్టచివర

పై పనులన్నీ అయ్యాక రెండో మెట్టులోని కొలతలు మళ్లీ తీసి, తలుపు, కిటికీ దగ్గర తగ్గి ఉమ్మడి గోడ దగ్గర మాత్రమే తగ్గకపోతే అప్పుడు గోడ గురించి ఆలోచించండి. పాత గోడకు అంగుళం ఎడంగా, దానికి తగలకుండా ఇనుప చానెళ్ల చట్రం నిలబెట్టి, లోపల 50 ఎంఎం రాక్ వూల్ నింపి, పైన 12.5 ఎంఎం జిప్సం బోర్డు రెండు పొరలు, అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా బిగించి, చుట్టూ అంచుల్లో సీలెంట్ వేయించాలి. ఫాల్స్ సీలింగ్ పనివారు దీన్ని చేయగలరు, కాని చట్రాన్ని గోడకు మరలతో బిగించడం వారికి అలవాటు. మీరు దగ్గరుండి వద్దని చెప్పకపోతే అలాగే చేస్తారు. చట్రం నేలకు, కప్పుకు మాత్రమే, మధ్యలో రబ్బరు పట్టీ వేసి బిగించాలి. ఖర్చు తగ్గిద్దామని ఒక్క పలుచని ప్లైవుడ్‌ను గోడకు బద్దల మీద కొట్టిస్తే, ఆ సన్నని ఖాళీ కొన్ని స్వరాలకు తాళం వేసినట్టు మోగి ఉన్నదాన్ని చెడగొడుతుంది. చేస్తే సరిగా చేయించండి, లేదంటే ఆ డబ్బు దాచుకోండి.

9. ఫలితాన్ని సరిచూసుకోండి

అదే స్పీకరు, అదే వాల్యూమ్, అదే ఫోను, అవే చోట్లు. పది డెసిబెల్ తగ్గితే చెవికి దాదాపు సగం అయినట్టు అనిపిస్తుంది. సందులు, తలుపు, కిటికీ సరిగా చేసినచోట ఈ తేడా స్పష్టంగా కనిపించాలి. ఐదుకు లోపే ఉంటే ఎక్కడో సందు మిగిలిందని అర్థం, ఇంకొక పొర తగిలించే ముందు మళ్లీ అగరబత్తి పట్టుకోండి.

అంకెలతో సరిపెట్టుకోకుండా పక్కింటి అక్కనో, కింది వాటాలో ఉన్న పెద్దాయననో పిలిచి, వారు పడుకునే గదిలో కూర్చుని వినమని కోరండి. మీరు రోజూ పాడే స్థాయిలోనే పాడండి. "పదాలు వినపడుతున్నాయి" అంటే సందు ఉంది, "ఏదో ధనధన వినపడుతోంది" అంటే నేల సంగతి చూడాలి. వారికి ఏ వేళ ఇబ్బందో అప్పుడే అడిగి సాధన సమయం మార్చుకుంటే, మీకు ఇంకొక పదివేలు ఆదా కావచ్చు.

బయటి శబ్దం సంగతి తెలియాలంటే మైకు తెరిచి, ఎవరూ మాట్లాడకుండా రెండు నిమిషాలు రికార్డు చేసి హెడ్‌ఫోన్లో వాల్యూమ్ పెంచి వినండి. ఫ్యాను, ఏసీ, కంప్యూటరు మోతే ముందు వినపడుతుంది చాలాసార్లు. పాడేటప్పుడు ఆ ఐదు నిమిషాలు ఏసీ ఆపడం వెయ్యి రూపాయల ప్యానెల్ కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. తాతయ్యగుంట గంగమ్మ జాతర రోజుల్లో వీధి మైకులనూ, రైలు కూతనూ ఈ గది పూర్తిగా ఆపలేదు. ముఖ్యమైన రికార్డింగులు ఆ రోజులు తప్పించి పెట్టుకోండి.

ఏడాదికి రెండుసార్లు గదిని చూసుకోవాలి. జూన్‌లో, ఎండలు తగ్గాక, రబ్బరు పట్టీలను వేలితో నొక్కండి. గట్టిపడి తిరిగి లేవని చోట ఆ ముక్క వరకే మార్చండి. డిసెంబరు చివర్లో, వానలు వెలిశాక, ప్యానెళ్లను గోడ నుంచి దించి వెనుక చెయ్యి పెట్టి చూడండి; చెమ్మగాని, బూజు వాసనగాని ఉంటే ఎండలో ఆరబెట్టి, చట్రం అడుగున చెదల మట్టి ఉందేమో కూడా చూసి, గోడ పొడిగా ఉందని తేలాకే మళ్లీ తగిలించండి.